అంత ఆసైతే ఎలగ?

మా పశుసంవర్ధక శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. విజయనగరంలో రిటైరైన డాక్టరమ్మ ఒకావిడ ఉంది, నోరు పెద్దదే గానీ టీ బాగుంటుంది అని ఎవరో చెప్పి పంపుతారనుకుంటాను. టీ తాగుతారు, కాసేపు ట్రాన్స్‌ఫర్ల గురించి బాధపడతారు, వెళ్ళేముందు అందరూ ఒకటే ప్రశ్న వేస్తారు. "మేడమ్, మీ సర్వీసు మొత్తంలో మీరు గర్వపడే కేసు ఏది?"

ఏదో పెద్ద ఆపరేషన్ చెప్తానని వాళ్ళ ఆశ. అలాంటివి చేశాను, లేదనను. ఆంబోతు కొమ్ము కోసి తన్నులు తిన్నాను, అడ్డం తిరిగిన దూడను భుజం దాకా చెయ్యి పెట్టి లాగాను. కానీ నేను గర్వపడే కేసు నా సర్వీసు రిజిస్టరులో లేదు. అది రిటైరయ్యాక చూసింది. జీతం లేదు, జీపు లేదు, మన జిల్లా కాదు, మన దేశం కూడా కాదు. ఒక్క ఆవు. ఆ ఒక్క ఆవు కేసు చెప్పమంటే మాత్రం నాకు మొహమాటం లేదు, గొప్పగానే చెప్తాను. వినేవాళ్ళకు ఓపిక ఉండాలి.

పేర్లు మాత్రం రాయను. ఇందులో సగం కథ మా కాంపౌండరుది. "నా పేరేసినారంటే మీ గుమ్మం తొక్కను" అని ముందే బెదిరించాడు.

మాది మిషన్ చర్చి కుటుంబం. కరోనా తగ్గిన తరువాత ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు ఒక విన్నపం వినిపించారు. కెన్యా దేశంలో మసాయి అనే పశువుల కాపరులున్నారు, ఏళ్ళ తరబడి వానల్లేక వాళ్ళ ఆవులు మందలు మందలుగా చచ్చిపోతున్నాయి, అక్కడ పనిచేసే ఒక సేవా సంస్థకు తిండిలేక పడిపోయిన పశువులకు వైద్యం చేసిన అనుభవం ఉన్నవాళ్ళు కావాలట. జీతం ఉండదు, భోజనం పెడతారు. ఆయన చదవడం పూర్తికాకముందే నా చెయ్యి పైకి లేచింది. ఆ చెయ్యిని అప్పుడు నేను కూడా ఆశ్చర్యంగానే చూశాను.

మా అక్కకు ఈ సంగతి నచ్చలేదు. "ఒసే, ఇక్కడ గొడ్లు అయిపోనాయేటి, ఆఫ్రికా ఎల్తన్నావు? మోకాళ్ళ నొప్పులని మంచం దిగవు!" అంది. మోకాళ్ళు ఇక్కడైనా అక్కడైనా ఒకేలా నొప్పి పెడతాయి కదా అన్నాను. ఆ తరువాత రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు ఊరగాయ కట్టి ఇచ్చింది.

తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చన్నారు. నాకు వెంటనే తట్టింది మా కాంపౌండరే. కాగితాల మీద ఆయన ఉద్యోగం పేరు వేరు, కానీ మన పల్లెల్లో డాక్టరు పక్కన సంచీ పట్టుకుని ఉండే మనిషిని కాంపౌండరు అనే పిలుస్తారు. పాతపట్నం పక్క మనిషి. నాతో చాలా ఊళ్ళు తిరిగాడు, నాతోపాటే రిటైరయ్యాడు. పశువుల దగ్గర గొంతు పెంచడు. మనుషుల దగ్గర తగ్గించడు. ఫోను చేసి విషయం చెప్పాను.

"అక్కడి మడుసులు ఏటి తింతారు డాట్రమ్మా?"

"పాలు తాగుతారు."

"మరి గొడ్లు ఏటి తింతాయి?"

"ఇప్పుడు ఏమీ తినడం లేదు. అందుకే వెళ్ళేది."

"అయితే పదండి" అన్నాడు. భార్యను అడిగి చెప్తాననైనా అనలేదు.

విమానాశ్రయంలో ఆయన సంచీలో రెండు వస్తువులు బయటపడ్డాయి. గొడ్డుకు మందు తాగించే వెదురు గొట్టం ఒకటి, పాతపట్నం సంతలో కొన్న బెల్లం దిమ్మ ఒకటి. బెల్లం ఆయన టీలోకి. పంచదార టీ ఆయన దృష్టిలో టీ కాదు. గొట్టాన్ని తిప్పి తిప్పి చూస్తున్న ఉత్తరాది అధికారికి మా కాంపౌండరు శుద్ధమైన శ్రీకాకుళం తెలుగులో దాని ఉపయోగం వివరించాడు. ఆయనకు ఏం అర్థమైందో గానీ వదిలేశాడు.

మేము దిగిన చోట నేల మన భోగాపురం వైపు నేలలా ఎర్రగా ఉంది. కానీ దాని మీద గడ్డిపోచ లేదు. తుమ్మచెట్లలాంటి ముళ్ళచెట్లు ఉన్నాయి, వాటికీ ఆకు లేదు. దారి పక్కన ఎండిపోయిన ఆవుల కళేబరాలు. కొన్ని తలలు ఇంకా ఊరి వైపే తిరిగి ఉన్నాయి. జీపులో మా కాంపౌండరు మొదటిసారి నోరు మూసుకుని కూర్చున్నాడు.

మసాయిలు ఉండే చోటును బోమా అంటారు. గుండ్రంగా ముళ్ళకంపతో కంచె, కంచె లోపలి అంచున పేడతో అలికిన ఇళ్ళు, నడిమధ్య ఆవులు. ఇంట్లోంచి లేచి చూస్తే ముందు ఆవు కనబడాలన్నది వాళ్ళ పద్ధతి. గోడ మీద చెయ్యి పెట్టి చూసి మా కాంపౌండరు తేరుకున్నాడు. "పేడే! మనోలే డాట్రమ్మా ఈలు" అన్నాడు. నడవగలిగిన ఆవులను మగవాళ్ళు దూరపు కొండల వైపు తోలుకుపోయారు. బోమాల్లో మిగిలింది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు, నడవలేని ఆవులు.

సంస్థ తరఫున నైరోబీ నుంచి వచ్చిన మేనేజరు ఒకాయన ఉండేవాడు. పొడుగ్గా, కళ్ళజోడుతో, మర్యాదగా, బాగా అలిసిపోయి. లారీలో గడ్డి కట్టలు వారానికో పదిరోజులకో వచ్చేవి. ఉన్న గడ్డికి ఆవులు ఎక్కువ. అందుకని ఆయన ఒక నిబంధన పెట్టాడు. నిలబడ్డ ఆవుకే గడ్డి. పడిపోయిన ఆవుకు లేదు. నా అభిప్రాయం అడిగితే సరే అన్నాను. ఇప్పటికీ సరైనదే అంటాను. పడిపోయిన ఆవుకు పెట్టిన గడ్డి చాలాసార్లు నేలపాలే, ఆ గడ్డితో నిలబడ్డ ఆవు ఒకటి బతుకుతుంది. శాఖలో కొత్తగా చేరిన మీకూ ఏదో ఒక రోజు ఇలాంటి లెక్క వేయాల్సి వస్తుంది. అది రాయిగుండె పని కాదు, మన వృత్తిలో భాగం.

పని పంచుకున్నాం. నేను ఒక పక్క ఆవులను పరీక్ష చేసేదాన్ని, మా కాంపౌండరు ఇంకో పక్క గడ్డి కట్టలు అందించేవాడు. మొదటి సాయంత్రమే ఆయన మొహం మాడ్చుకుని వచ్చాడు.

"గడ్డి సేతిలో ఎడతంటే, ఆస ఆస అంతన్నారు డాట్రమ్మా. ఒక్కలు కాదు, అందరూని. ఎంత ఇచ్చినా ఇంకా ఆసేనట! మొకం మీద సెప్పుకుంతన్నారు, సిగ్గు నేకుండాను."

"నువ్వేమన్నావు?"

"ఏటంతాను? అంత ఆసైతే ఎలగ, అన్నాను. పెతీవోలికీ అదే సెప్పినాను."

నేను పట్టించుకోలేదు. కృతజ్ఞత చెప్పడానికి అక్కడ 'అసాంటే' అంటారని మేమిద్దరం విమానంలోనే నేర్చుకున్నాం. మేనేజరు అదే అంటాడు, లారీ వాళ్ళు అదే అంటారు. కాబట్టి ఈ 'ఆస' ఇంకేదో అయ్యుంటుందనుకున్నాను. అదీగాక మా కాంపౌండరు నోట్లో శ, ష, స మూడూ ఒకటే, ఆయన చెవిలోనూ అంతే. అలా ప్రతి పంపిణీలోనూ గడ్డి అందుకున్న వాళ్ళు ఆయనతో ఆ మాట అనడం, ఆయన కట్ట అందిస్తూ "అంత ఆసైతే ఎలగ?" అని గదమాయించడం, వాళ్ళు నవ్వుతూ తల ఊపి వెళ్ళడం. తిడితే నవ్వే మనుషులను తానెక్కడా చూడలేదని ఆయన ఆశ్చర్యపోయేవాడు.

మా మాట వాళ్ళకు, వాళ్ళ మాట మాకు చెప్పడానికి ఆ ఊరి బడిలో పాఠాలు చెప్పే పంతులమ్మ ఒకామె వచ్చేది. మసాయి పిల్లే, చక్కని ఇంగ్లీషు. ఒక పొద్దున ఆమె నన్ను ఒక బోమాకు తీసుకెళ్ళింది. అక్కడ ఒక ఆవు పడిపోయి ఉంది. ఎర్రని ఆవు, మొహం మీద తెల్లని బొల్లి. నిండు చూలు. ఎముకలు బయటికి వచ్చి ఉన్నాయి, కడుపు మాత్రం ఒక పక్కకు ఉబ్బి ఉంది. దాని తల ఒళ్ళో పెట్టుకుని ఒకావిడ కూర్చుని ఉంది. భర్త లేడు. ఉన్న మందలో నడవగలిగినవాటిని మరిది తోలుకుపోయాడు, అవి దారిలోనే పోయాయని కబురొచ్చింది. మిగిలింది ఇదొక్కటే.

పంతులమ్మ ఆమె మాటలు నాకు చెప్పింది. "ఇది ఈనితే నా పిల్లలకు పాలు. ఇది పోతే మేం పట్నం పోవాలి, బొగ్గులు అమ్ముకోవాలి. ఆవు లేని ఇల్లు ఇక్కడ ఇల్లు కాదు."

నేను ఆవును చూశాను. కళ్ళు తడిగానే ఉన్నాయి, చెవి తాకితే కదిలించింది, లోపల దూడ కూడా కదిలింది. రోగం లేదు. ఆకలే రోగం. కానీ నిబంధన ప్రకారం దానికి గడ్డి లేదు. ఆ నిబంధనకు సరే అన్నదాన్ని నేనే.

మీకు ఒక సంగతి చెప్పాలి. మన తీరంలో తుఫాను వెళ్ళిన మర్నాడు పశువులు ఎలా ఉంటాయో చూసినవాళ్ళకు తెలుసు. నానిపోయి, బిగుసుకుపోయి కూలబడతాయి. వాటిని అలాగే వదిలేస్తే తిండి పెట్టినా పోతాయి. పడుకున్న గొడ్డును దాని బరువే చంపేస్తుంది, ఒంటి కింద ఇరుక్కున్న కాళ్ళు చచ్చుబడిపోతాయి. అందుకే మనవాళ్ళు పొట్ట కింద గోనెపట్టా వేసి, మూడు కర్రలు ముక్కాలిలా కట్టి, తాళ్ళతో ఎత్తి నిలబెడతారు. కాళ్ళు నేలకు ఆనాలి, బరువు పట్టా మోయాలి. రుద్దాలి, దించాలి, పక్క మార్చాలి, మళ్ళీ ఎత్తాలి. నేనూ మా కాంపౌండరూ ఈ పని ఎన్ని ఊళ్ళలో చేశామో.

ఇద్దరం ఆ ఆవు చుట్టూ తిరిగాం. "నిలబడ్డ ఆవుకే గడ్డి. అంతే కదా నిబంధన? అయితే నిలబెడదాం" అన్నది నేను. మా కాంపౌండరు మాత్రం ఆ మాట తానే ముందు అన్నానంటాడు. ఇప్పటికీ మా ఇద్దరికీ దీని మీద తగువే. రాస్తున్నది నేను కాబట్టి నేనే అన్నాను.

కర్రలకు అక్కడ కరువు. ఆ ముళ్ళచెట్లు వంకరటింకర తప్ప ఒక్క కొమ్మ నిటారుగా ఉండదు. మా కాంపౌండరు చుట్టూ చూసి, తిన్నగా వెళ్ళి మేము పడుకునే గుడారం పీకేశాడు. దాని ఇనప గొట్టాలు మూడు తెచ్చాడు. "రాతిరి ఎక్కడ పడుకుంతాం?" అని నేను కూడా ఆయన యాసలోనే అరిచాను. "లారీ కింద" అన్నాడు. గడ్డి కట్టల గోనె సంచులు విప్పి నాలుగు మడతలు వేసి కుట్టాం. లారీలోని గొలుసు కప్పీ అడిగి తెచ్చాం. బోమాలోని ఆడవాళ్ళంతా చేరారు. మొదట వింతగా చూశారు, తరువాత తలా ఒక చెయ్యి వేశారు. గొలుసు లాగుతుంటే ఆవు మెల్లగా లేచింది. నాలుగు గిట్టలూ నేలకు ఆనాయి. మెడ వేలాడేసి, అంత అవమానం తనకు ఎప్పుడూ జరగలేదన్నట్టు మా వంక చూసింది.

మేనేజరు వచ్చాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"డాక్టర్, ఇది నిలబడటం కాదు. వేలాడటం."

"కాళ్ళు నేల మీద ఉన్నాయి కదా? సాయం లేకుండా నిలబడాలని మనం అనుకోలేదు."

"నిబంధనకు మీరు కూడా ఒప్పుకున్నారు."

"ఒప్పుకున్నాను. పాటిస్తున్నాను కూడా."

ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. కాసేపు ఆవును, దాని పక్కనున్న ఆవిడను చూశాడు. "దీని వంతు ఇస్తాను. తరువాతి లారీ వచ్చేసరికి ఇది తనంతట తాను నిలబడాలి. లేకపోతే ఆ వంతు ఇంకో ఆవుకు పోతుంది. నేను అందరికీ సమాధానం చెప్పుకోవాలి" అన్నాడు. న్యాయమైన మాట. అలాంటి పైఅధికారి నాకు సర్వీసులో దొరికి ఉంటే ఎన్ని గొడవలు తప్పేవో.

అక్కడినుంచి తరువాతి లారీ వచ్చేదాకా మాకు ఆ బోమాయే ఆసుపత్రి. ఆకలితో ఉన్న ఆవుకు ఒక్కసారిగా పెట్టకూడదు, అందుకని గుప్పెడు గుప్పెడు గడ్డి. వెదురు గొట్టంతో ఉప్పు, బెల్లం కలిపిన నీళ్ళు. బెల్లం ఎక్కడిదంటారా? మా కాంపౌండరు టీ బెల్లమే. దిమ్మను రాయితో పగలగొట్టి ఆవుకు కలుపుతూ, తాను పంచదార టీ తాగి మొహం వికారంగా పెట్టేవాడు. ఎత్తడం, దించడం, తొడలు రుద్దడం. రుద్దే పని ఆడవాళ్ళు తీసుకున్నారు. రుద్దుతూ పాడేవారు. ఆ పాట ఆవు కోసమా, అలుపు తెలియకుండానా అని నేను అడగలేదు.

లారీ మర్నాడు వస్తుందనగా, ఆ మధ్యాహ్నం పట్టా వదులు చేసి చూశాం. ఆవు ఒక్క క్షణం నిలబడింది. ముందుకాళ్ళు వణికాయి, మోకాళ్ళు మడిచింది, కూలబడింది. మళ్ళీ ఎత్తాం, మళ్ళీ వదిలాం. మళ్ళీ కూలబడింది. మా కాంపౌండరు నేల మీద చతికిలబడ్డాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఆయన అలా కూర్చోవడం నేను ఎన్నడూ చూడలేదు.

"ఆసే నేదు డాట్రమ్మా. ఇంక ఆసే నేదు. ఒగ్గీండి దాన్ని."

ఆవుకు అటుపక్క ఆ ఇల్లాలు దాని తల పట్టుకుని ఉంది. ఆయన మాట విని తల ఎత్తింది. అన్ని రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదటిసారి. ఆయన వంక చూసి, మెల్లగా పంతులమ్మతో ఏదో అంది.

"ఆయన కృతజ్ఞత ఎందుకు చెప్తున్నారని అడుగుతోంది. చెప్పాల్సింది తాను కదా అంటోంది" అంది పంతులమ్మ.

"కృతజ్ఞతా? ఎప్పుడు చెప్పాడు?"

"ఇప్పుడే కదా! ఆషే, ఆషే అని రెండుసార్లు అన్నారు. మీరు అసాంటే అంటారు కదా, అది స్వాహిలీ. మా భాషలో ఆషే అంటాం." నా మొహం చూసి ఆమె తికమకపడింది. "మీకు తెలియదా? మరి ఆయన రోజూ జవాబు చెప్తున్నారు కదా. గడ్డి అందుకుని మావాళ్ళు ఆషే అంటే, దానిదేముంది అని మీ భాషలో అంటున్నారు కదా. మా బడిపిల్లలందరికీ వచ్చేసింది ఆ మాట." అని ఎంతో ముద్దుగా, తప్పు లేకుండా చెప్పింది. "అంత ఆసైతే ఎలగ!"

నేను నవ్వానో ఏడ్చానో చెప్పలేను.

"ఏటంతాది పంతులమ్మ?" అన్నాడు మా కాంపౌండరు. చెప్పాను.

"అంటే... గడ్డి అందుకున్న పెతీ మడిసీ నాకు దండం ఎట్టినట్టా?"

"అంతే."

"నేను ఆలని తిట్టినట్టా?"

"తిట్టావని వాళ్ళకు తెలీదు. దానిదేముంది అన్నావనుకున్నారు."

ఆయన నేల వంక చూస్తూ అన్నాడు. "మన సర్వీసులో ఎవుడన్నాడు డాట్రమ్మా ఈ మాట? ఆనపకాయ ఇచ్చీవోడు ఇచ్చినాడు. జున్నుపాలు ఎట్టీవోడు ఎట్టినాడు. ఇలాగ మాటగా సెప్పినోడు ఎవుడున్నాడు? నాకేటి తెలుస్తాది?"

నిజమే. మన రైతు మంచివాడు, కానీ ఆ మాట మన నోళ్ళలో లేదు. థాంక్స్ అంటే దొరల మాట, ధన్యవాదాలంటే సభల మాట. సర్వీసంతా పేడలో, నెత్తుట్లో చేతులు ముంచిన మనిషి ఒక్కసారైనా ఆ మాట వినలేదు. విన్నప్పుడు గుర్తుపట్టలేకపోయాడు.

ఆయన లేచి పంచె దులుపుకున్నాడు. "ఎత్తండి. ఇంకోపాలి ఎత్తుదాం." ఆ సాయంత్రం ఆవు లేవలేదు. కానీ ఒగ్గీమని మళ్ళీ ఆయన అనలేదు, ఎవరినీ అననివ్వలేదు. ఆ రోజునుంచి "అంత ఆసైతే ఎలగ" అన్న మాట కూడా ఆయన నోట రాలేదు.

మర్నాడు పొద్దున ఆవును ఎత్తి ఉంచాం. లారీ వచ్చింది. మేనేజరు దిగి తిన్నగా మా దగ్గరికే వచ్చాడు. వెనక లారీ మీద కట్టలు విప్పుతున్నారు. ఎండుగడ్డి వాసన గాలిలో వచ్చింది, మన కళ్ళంలో నూర్పులప్పుడు వచ్చే వాసన. బొల్లి ఆవు మెడ ఎత్తింది. ముక్కుపుటాలు కదిలాయి. మా కాంపౌండరు నా వంక చూశాడు, నేను తల ఊపాను. గొలుసు వదిలాడు.

పట్టా జారింది. ఆవు ఊగింది. ముందుకాళ్ళు వణికాయి, నిన్న వణికినట్టే. మోకాలు మడవబోయి, మడవలేదు. ఆ ఇల్లాలు చేతులు చాచింది గానీ ముట్టుకోలేదు. ఆవు మెడ లారీ వైపు చాచి ఒక అడుగు వేసింది. వేసిన అడుగు మీద నిలబడింది. ఇంకో అడుగు.

ఎవరూ అరవలేదు. అరిస్తే బెదిరి పడిపోతుందని అందరికీ తెలుసు. పశువులతో బతికే మనుషులకు అది చెప్పనక్కర్లేదు. మేనేజరు లారీ దాకా వెళ్ళి తన చేతులతో గడ్డి తీసుకుని ఆవు ముందుకు తెచ్చి పట్టుకున్నాడు. అది తింటుంటే మా కాంపౌండరు నా చెవిలో అన్నాడు. "ఆసే నిలబెట్టింది డాట్రమ్మా. మనం కాదు." నేను ఒప్పుకోలేదు. ఆశ నిలబెట్టిందేమో, ఎత్తింది మాత్రం మేమే.

తరువాత మేనేజరు తన నిబంధన కొంచెం మార్చాడు. నిలబడగల ఆవుకు, నిలబెట్టగల ఆవుకు గడ్డి అన్నాడు. మిగతా బోమాల్లోనూ పట్టాలు కుట్టాం. ఆడవాళ్ళే నేర్చుకుని మాకంటే బాగా కుట్టారు. ఎత్తిన ఆవులన్నీ లేవలేదు. లేవని వాటి దగ్గర కూడా కూర్చున్నాం. కానీ లేచినవి లేచాయి. ఆ ముక్కాళ్ళు మన తుఫాను ఊళ్ళనుంచి వెళ్ళినవని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది.

బొల్లి ఆవు ఈనింది. పట్టపగలే, ఎవరి సాయమూ లేకుండా. పెయ్యదూడ, తల్లిలాగే మొహం మీద బొల్లి. బోమా అంతా మూగింది. ముసలాయన ఒకడు దూడ మీద తుంపర్లు పడేలా ఉమ్మాడు, అది వాళ్ళ దీవెన. "దిట్టి తీత్తన్నాడు, మా అవ్వా అంతే" అని మా కాంపౌండరు మెచ్చుకున్నాడు. మెచ్చుకుంటూనే చేతులు కడుక్కుని, ఒక గిన్నె అందుకుని, ఆవు పొదుగు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మన వైపు అలవాటే కదా. ఈనిన ఆవుకు మొదటి ధారలు పిండి చనుకట్లు తెరవాలి, జున్నుపాలు నాలుగు ఇళ్ళకు పంచాలి. చేతులు వాటంతట అవే వెళ్ళిపోయాయి.

ఆడవాళ్ళు ఒక్కసారి గొల్లున నవ్వారు. ఒక ముసలమ్మ వచ్చి ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగేసింది. పిల్లలు నేలమీద పడి దొర్లారు. పంతులమ్మ నవ్వు ఆపుకోలేక, ముక్కలు ముక్కలుగా చెప్పింది. మసాయిల్లో పాలు పిండేది ఆడవాళ్ళే. మగవాడు పొదుగు దగ్గర కూర్చుంటే ఊరంతా నవ్వుతుంది. పైగా కరువులో మొదటి పాలన్నీ దూడవే.

"ఆయనకు భార్య లేదా అని అడుగుతున్నారు."

"ఉన్నాది గానీ, దానికి పాలు పిండడం రాదు" అన్నాడు మా కాంపౌండరు, నేను తెలుగులో చెప్పగానే, ఉక్రోషంగా. ఆ మాట అనువాదం అయ్యాక ఇంకోసారి నవ్వులు. మగవాళ్ళ పని చేసే ఆడదాన్ని నేను, ఆడవాళ్ళ పని చేయబోయిన మగవాడు ఆయన. మా జట్టు వాళ్ళకు ఎలా కనబడిందో ఊహించుకోండి. చివరికి ఆవు గల ఆవిడే వచ్చి కూర్చుని, ఒక్కో చనుకట్టు నుంచీ ఒక్క ధార పిండి, దూడ మూతికి అందించింది. దూడ తోక ఆడించింది. అది చూశాక ఎవరూ నవ్వలేదు.

మేము తిరిగి బయల్దేరే రోజున పొద్దున్నే ఆ బోమాకు వెళ్ళాం, చెప్పి వెళ్దామని. ఆవిడ గుమ్మంలోనే ఉంది. పట్నం మాట ఇంక ఎత్తలేదు. పిల్లలిద్దరి మూతుల మీదా పాల మీసాలు ఉన్నాయి. దూడ కంచె లోపల గెంతుతోంది. ఆవిడ లోపలికి వెళ్ళి, పూసలు కుట్టిన ఆనపబుర్రతో వచ్చింది. మన వైపు నీళ్ళకు వాడే బుర్రలాంటిదే, లోపల పొగ వాసన. అందులో కొంచెం పాలు. మూత తీసి ముందు మా కాంపౌండరుకు అందించింది.

"ఒద్దమ్మా, గుంటలకి ఎట్టు, గుంటలకి" అని ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆవిడ చెయ్యి వెనక్కి తీయలేదు. పిల్లలు తాగారని చేతితో చూపించింది. ఇంక తప్పక బుర్ర అందుకున్నాడు. ఒక గుక్క తాగాడు. తాగి, బుర్రను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. సర్వీసంతా ఎవరూ తనకు చెప్పని, తానూ ఎవరికీ చెప్పని మాట, ఎంతో జాగ్రత్తగా, తన నోటికి వచ్చిన సకారంతోనే పలికాడు.

"ఆసే."

ఆవిడ మొహం వెలిగిపోయింది. ఆ మాటకు జవాబు ఏం చెప్పాలో ఆమెకు బాగా తెలుసు. ఆయన దగ్గరే నేర్చుకుంది. అచ్చం పాతపట్నం సంతలో వినబడినట్టే అంది.

"అంత ఆసైతే ఎలగ?"

మా కాంపౌండరు నవ్వాడు. నవ్వుతూనే భుజం మీద తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఇంకో గుక్క తాగి, బుర్ర నా చేతికిచ్చాడు.

"ఆసే మరి" అన్నాడు.